పదకొండు నిమిషాల ఊపిరి

వూచ్ నగరంలో, ట్రాము మలుపు తిరిగే మూల మీద
మా స్టూడియో.
ట్రాము వెళ్ళేదాకా ఆగి
అప్పుడు చదివేవాడు బొగుమిల్.

ముప్ఫై ఏళ్ళు పోలండు దేశం
పరాయి సినిమాలెన్నో ఆ ఒక్క గొంతుతోనే విన్నది.
పెళ్ళికూతురూ అతనే, హంతకుడూ అతనే,
నీళ్ళు కావాలని మారాం చేసే పిల్లా అతనే.
ఏడవడు. నవ్వడు.
"ఏడుపు తెరమీది వాళ్ళది, హల్స్కా,
నేను మాటల మూట మోసే కూలీని" అనేవాడు.

ఇప్పుడు అతని గొంతు
అతను లేకుండానే మాట్లాడుతోంది.
ఆరు గంటల రికార్డింగు, ఒక సంతకం. సరిపోయాయి.
శుభ్రం చేసింది నేనే.
ఊపిరి చప్పుళ్ళు తీసెయ్యమన్నారు,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరాను.

దుఃఖానికి ఒక మీట ఉంది,
నిన్న నలభై దగ్గర పెట్టమన్నారు.
ఏ మాటకామాటే చెప్పాలి, బాగానే ఏడుస్తుంది.
మా అమ్మ తేడా పట్టలేకపోయింది.

ఏరిన రాళ్ళు మాత్రం పారెయ్యలేదు.
ఒక ఫైలులో వరసగా అతికించాను.
పదకొండు నిమిషాలు. ఒక్క మాటా లేదు.
రాత్రి పనయ్యాక హెడ్‌ఫోన్సు పెట్టుకుంటాను:
ఇది "తలుపు వెయ్యి"కి ముందుది,
ఇది జలుబు చేసిన మంగళవారానిది,
ఇదిగో, నాలుగో నిమిషంలో, కాస్త పొడుగైనది,
ఏ వాక్యానికి ముందుదో అంతు చిక్కలేదు.
స్క్రిప్టులన్నీ తిరగేశాను.

ఫోన్ చేసి బొగుమిల్‌కి వినిపించాను.
చాలాసేపు ఏమీ అనలేదు.
ట్రాము వెళ్ళేదాకా ఆగుతున్నాడేమో అనుకున్నాను.

వాళ్ళ వీధిలో ట్రాము లేదు.