నీళ్ళగీత

సర్వేపల్లి కాలవ గట్టున
మా గోడ మీద మూడు గీతలుండేవి.
మా మామ బొగ్గుతో గీసినవి.
అడుగుది పిల్ల పుట్టిన ఏడు,
మధ్యది మేక కొట్టుకుపోయిన ఏడు,
పైది చెప్పడు.
ఆ గీత కాడికి చెయ్యెత్తి ఊరుకుంటాడు.

జేసీబీ వచ్చిన రోజు
గోడలో ఆ ముక్క ఒక్కటి ఇమ్మని అడిగా.
డ్రైవరు పిలగాడు నవ్వలేదు, పాపం.
దిగొచ్చి చూసి
"యాడ పెడతావక్కా" అన్నాడు.

యాడ పెట్టను.
డ్రాలో మాకొచ్చింది నాలుగో అంతస్తు,
మూడొందల అడుగుల ఇల్లు.
మేకు కొడితే ఆ గోడ పక్కింటోళ్ళది కూడా అంట.
కింద ఇళ్ళు నాలుగొందల ముప్పై,
కట్టినోళ్ళకు కట్టినంత.
అందరికీ ఒకటే గేటు, ఒకటే ట్యాంకు, ఒకటే మెట్లు.
లిఫ్టుకని గుంత ఉండాది, లిఫ్టు రాలేదు.

నా పులిబొంగరాల బండి గేటు బయట.
"కాంపౌండులో పొగ వద్దు రవణమ్మా"
అన్నాడు దయాకర్ సారు, సొసైటీ బ్యాంకు గుమస్తా.
మర్యాదగానే అన్నాడు.
ఆ నోటితోనే అరడజను పార్సిలు చెప్పాడు,
కారం చట్నీ ఎక్కువేయమని.

కార్తీకంలో వాన పట్టింది.
బ్లాకులు కట్టకముందు అది చెరువు కడుపంట,
అప్పుడు చెప్పారు.
కాలవే మమ్మల్ని వెతుక్కుంటా వచ్చినట్టుంది.
రాత్రి రెండింటికి తలుపు కొట్టారు
సారు, ఆయన భార్య,
చంకలో టీవీ, మోకాళ్ళ దాకా బురద.

టీవీ ఎందుకు సారూ.
ముందు కాగితాలు, ఆనక అగ్గిపెట్టె,
ఆ తర్వాత బియ్యం,
మనుషులు వాళ్ళే నడుస్తారు.
నాకొచ్చిన చదువు ఇదొక్కటే, చెప్పేశా.
పద్నాలుగు మందిమి పడుకున్నాం
ఆ మూడొందల అడుగుల్లో.
ఎవరి కాళ్ళు ఎవరివో.
మా మామ నిద్రపోలా.
గంటకోసారి దిగిపోయి
ఎన్ని మెట్లు మునిగినయ్యో చెప్పాడు.
ఆరు.
ఏడు.
ఏడే.
తెల్లారి, ఆరు.

నీళ్ళు తీసినాక కింద సున్నాలు కొట్టించుకున్నారు.
పొగ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.
గేటు తాళం మాత్రం అట్నే ఉండాది,
నా బండీ బయటే ఉండాది.

నిన్న మెట్లు దిగుతా చూశా.
ఏడో మెట్టు కాడ, కొత్త సున్నం మీద
సన్నటి పెన్సిలు గీత, పక్కన తారీఖు.
మామని అడిగితే నాకేం తెలుసన్నాడు.
మామ గీతలెప్పుడూ వంకరే.
ఇది స్కేలు పెట్టి గీసినట్టుండాది.