నాలుక బిగుసుకుపోకుండా

గొట్టాన్ని చొక్కా లోపల, ఒంటికి ఆనించి దాచుకోవాలి.
బయట వేలాడదీస్తే
ఊపిరి తడికి లోపలి ప్లాస్టిక్ నాలుక గడ్డకడుతుంది.
ఒకసారి బిగుసుకుందా,
ఇక అది జింక గొంతు కాదు, తుప్పుపట్టిన తలుపు బందు.

ఎవరూ చెప్పలేదు నాకీ సంగతి.
మూడు చలికాలాలు పాడుచేసుకుని నేర్చుకున్నాను.

జనవరి. విస్కాన్సిన్‌లో కికపూ ఏటి పైన గుట్టలు.
తుపాకులవాళ్ళు ఎప్పుడో ఇళ్ళకు పోయారు.
మిగిలింది మేమే, విల్లు పట్టినవాళ్ళం, కొద్దిమంది మొండివాళ్ళం.
బడికి సెలవులు. నేను తోలే పసుపు బస్సు షెడ్డులో,
నేనేమో పదిహేనడుగుల ఎత్తున ఓక్ కొమ్మ పక్కన,
రెండు జతల మేజోళ్ళలోనూ వేళ్ళ జాడ తెలియకుండా.

నవంబర్‌లో అయితే ఏం ఊదినా నమ్ముతాయి.
మెడలు ఉబ్బిన మగవి, కొమ్ములు రాచిన చప్పుడికే
విందుకు పిలిచినట్టు ఉరికొస్తాయి.
ఇప్పుడు కాదు.
రెండు నెలలుగా ప్రతి పిలుపు వెనకా ఓ మనిషి వాసన తగిలింది వాటికి.
కొన్నిటికి కొమ్ములే రాలిపోయాయి.
ప్రేమా వద్దు, పోట్లాటా వద్దు,
మంచు కింద మిగిలిన నాలుగు మొక్కజొన్న గింజలు కావాలి,
పక్కన ఇంకోటి మేస్తోందన్న ధీమా కావాలి.

అందుకే మెల్లగా ఊదాలి.
పక్క గదిలో ఎవరో గొంతు సవరించుకున్నట్టు.
*ఇక్కడే ఉన్నాను*, అంతే.
ఆ తర్వాత ఇరవై నిమిషాలు నోరు కట్టేసుకోవాలి.
ఊదడం ఎవరికైనా వస్తుంది. ఆ ఇరవై నిమిషాలే రావు.

మూడూ పదికి ఊదాను.
జేబులోంచి జిల్లేడు దూదిలాంటి పోగొకటి వదిలితే
నింపాదిగా నా వెనక్కే తేలిపోయింది. గాలి మంచిదే.
మూడున్నరకి జవాబొచ్చింది,
కంచె అవతల, ఆర్డెల్ స్కార్ లోయలోంచి.
ఒక్కటే. బరువుగా, తొందర లేకుండా.
ముసలిదనుకున్నాను. తెలివైనది.
మళ్ళీ ఊదాను. మళ్ళీ పలికింది.
నా ఇరవై నిమిషాల మర్యాద దానికీ తెలిసినట్టుంది.
గుండె చప్పుడికి నారి అదురుతుందేమోనని
చెయ్యి తీసి తొడ మీద పెట్టుకున్నాను.

నాలుగుంబావుకి ఒక ఆడది కంచె దూకింది.
మా ఇద్దరికీ సరిగ్గా మధ్యన నిలబడి
ఈ చెవి నావైపు, ఆ చెవి అటువైపు తిప్పింది,
మాట్లాడుకోని పెద్దల మధ్య కబుర్లు మోసే పిల్లలా.
తర్వాత బుస్సుమని, తెల్లటి తోక ఎత్తి,
ఇద్దర్నీ వదిలేసి పోయింది.

అప్పుడు వినిపించింది అవతల దగ్గు.
గొట్టంలోది కాదు.
చర్చి భోజనాల్లో రెండు బల్లల అవతల
పదకొండేళ్ళుగా వింటున్న దగ్గు.

గంటసేపట్నుంచీ నేను ఆర్డెల్‌తో మాట్లాడుతున్నాను.

ఆ ఏడు నా బాణం తిన్న మగది కంచె దాటి అతని నేల మీద పడింది.
చీటీ తన పేరున రాసుకున్నాడు.
బాణాన్ని మాత్రం శుభ్రంగా కడిగి
మా ఉత్తరాల పెట్టెకు ఆనించి పోయాడు.
జింక పోయినందుకు కాదు,
ఆ కడగడానికే నాకు ఒళ్ళు మండింది.

చీకటి పడింది. వేటకు వేళ మించింది.
విల్లును తాడుతో కిందికి దించి, నేనూ దిగాను.
అటువైపు తలదీపం ఒకటి చెట్ల మధ్య కదులుతోంది.
పిలవాలని కాదు. ఏమో, పిలవాలనేనేమో.
నాకొచ్చిన మాట ఒకటే, అదీ సాయంత్రమంతా అనేసిందే.
ఊదాను.
గాభరాలో గొట్టాన్ని ఎప్పుడో బయటే వదిలేశాను కాబోలు,
కిర్రుమని తలుపు బందు పలికింది.

దీపం ఆగింది.
చాలాసేపు ఆగింది.

"చొక్కా లోపల పెట్టుకోవాలి దాన్ని,"
అన్నాడు చీకట్లోంచి.

"తెలుసు," అన్నాను.