రంగు లేని ఇసుక

నీలాంగరై నుంచి కోవళం దాకా
ఆరడుగుల తీరం నా బల్ల మీద చుట్ట చుట్టుకుని పడుకుంటుంది.
పొద్దున్నే విప్పి
నాలుగు మూలలా నాలుగు టీగ్లాసులు బరువు పెడతాను.

ఇళ్లకు పసుపు.
దుకాణాలకు నీలం. ఫ్యాక్టరీలకు ఊదా.
ఇసుకకు రంగు లేదు.
రంగు లేని చోటల్లా 'ఖాళీ స్థలం' అని రాయడం
మా ఆఫీసులో నాకంటే సీనియర్ అలవాటు.

ఆ ఖాళీలోంచే ఇప్పుడు
నాలుగు వరసల రోడ్డు పోవాలట.
పోటు ఎంతదాకా వస్తుందో
సముద్రం ఏటా కొత్తగా గీసి చూపిస్తుంది.
మేం మాత్రం పాత గీతనే కాపీ కొడతాం.

అభ్యంతరాల రోజున దేసప్పన్ వచ్చాడు,
చొక్కా జేబులో తడిసి ఆరిన అర్జీతో.
"నీ కాగితంలో మా వలలు ఆరేసే చోటేదమ్మా?"
వెతికాను. నా వేలి కిందే ఉంది, పేరు లేకుండా.
"ఖాళీయో కాదో ఒక రాత్రి వచ్చి చూడు" అన్నాడు.

మాసి నెల చివర్లో వెళ్లాను.
చెప్పులు విప్పమన్నాడు, టార్చి ఆర్పమన్నాడు.
ఇసుకలో ట్రాక్టరు పోయినట్టు జాడ.
జాడ చివర, వెనక కాళ్లతో గుంట తవ్వుకుంటూ
ఒక బరువైన ఊపిరి.
"ఆమై" అన్నాడు గొంతు తగ్గించి.
తమిళంలో తాబేలు.
చింతాద్రిపేటలో పుట్టి, రెండు భాషల్లోనూ బేరమాడే నాకు
ఆ చీకట్లో 'ఆమె' అనే వినబడింది.

ఆ రాత్రి మేం చూసిన గుడ్లు, నూట పదకొండు,
కంచెలోకి భద్రంగా చేరాయి.
చూడని గూడు ఒకటుంది.

నలభై తొమ్మిదో రోజు తెల్లవారుజామున
అది విచ్చుకుంది.
వెలుగున్న వైపే నీళ్లుంటాయని
పుట్టకముందే నేర్చుకున్న పిల్లలు
వెలుగు వైపే వెళ్లాయి.
ఐస్‌క్రీం బండి చక్రం దగ్గర కొన్ని.
రోడ్డు మీద, బస్సు పోయాక,
ఎండిన చింతగింజల్లా కొన్ని.
ఆ దీపాల చుక్కలు
ఆరేళ్ల కిందట ప్లానులో పెట్టింది నేనే,
ముగ్గుకు పెట్టినట్టు, చెయ్యి వణక్కుండా.

సోమవారం రబ్బరు తీసుకున్నాను.
రోడ్డును రెండు వీధులు లోపలికి జరిపాను.
దీపాలకు టోపీలు పెట్టి తలలు వంచాను.
తై నుంచి చిత్తిరై దాకా రాత్రి పదకొండుకు ఆర్పాలని
మార్జిన్‌లో రాశాను.
ఇసుకకు పసుపు పూసి
'నివాసం' అన్నాను.

సార్ అదిరిపడ్డాడు.
"పసుపేస్తే రేపే అపార్ట్‌మెంట్లు లేస్తాయమ్మా!"
నిజమే.
కట్టకుండా ఉండేవాళ్లకు
మా పెట్టెలో రంగే లేదు.

ప్యారిస్ కార్నర్‌లో మూడు షాపులు తిరిగి
తడి ఇసుక రంగు పెన్సిల్ ఒకటి కొన్నాను, పదిహేడు రూపాయలు.
పూశాను.
సూచికలో ఆ గడి పక్కన పేరు రాయాలి కదా,
ఎవరూ చూడకుండా తెలుగులో రాశాను: ఆమె.

ఫైలు ఇంకా 'పరిశీలనలో ఉంది'.
దీపాల కాగితం ఒక్కటే, ఎలాగో, సంతకమై వచ్చింది.

ఇవాళ ఇసుకలో కూర్చున్నాం, నేనూ దేసప్పనూ.
పదకొండు దాటి ఏడు నిమిషాలు.
వరసగా ఆరుతూ వస్తున్నాయి.
ఒక్కటి ఆరలేదు.
స్తంభం నలభై మూడు.
నాకు తెలుసు, నంబరు వేసింది నేనే.
దేసప్పన్ లేచి, తలపాగా విప్పి
దాని వైపు నడుస్తున్నాడు.