ఆఖరి రెండు రీళ్లు

కోయిల్‌కొండ రోడ్డు పక్కన డేరా టాకీసు.
రీళ్లు వెనక్కి చుట్టే పని నాది.
ఆపరేటరు బాలప్ప కార్బను కడ్డీలు ముట్టిస్తే
కాలిన గోరు వాసన వచ్చేది.
ఆ వాసనలనే నాకు మీసాలొచ్చినయి.

ఒకనాడు నారాయణపేట గోడల నిండ పోస్టర్లు:
‘ఆఖరి రెండు రీళ్లు రంగులల్ల.’
నేల టికెట్టు నాలుగణాలు ఆరణాలైంది.
రంగుకు రెండణాలు.
బేరమాడకుంట ఉల్లిగడ్డ కొనని ఊరు
కిక్కురుమనకుంట కట్టింది.

అందరికంటే ముందు రంగ్రేజు మౌలాలి సాబు వచ్చిండు.
మోచేతుల దాక నీలిమందు,
గోళ్ల కింద ఏ సబ్బూ గెలవని ఎరుపు.
ముప్పై ఏండ్లు మా పేట చీరెల నూలు
ఆయన బానలల్లనే మునిగి లేచింది.
కుర్చీ టికెట్టు కొని
పంచాయితీ చెప్పొచ్చిన పెద్దమనిషి లెక్క కూసున్నడు.

పదమూడు రీళ్లు బూడిద.
బూడిదల పెండ్లి, బూడిదల వాన,
బూడిద కన్నీళ్లు బూడిద చెంపల మీద.
మాకు అదేం కొరత గాదు.
ఆ పిల్ల చీరెకు ఎవరి రంగు వాళ్లం అద్దుకునేది.
మా అక్కకు అది చిలకపచ్చ.
బాలప్ప కుంకుమరంగని ఒట్టేసేటోడు.
ఈ కొట్లాట మీదనే
ఇద్దరికీ నెల రోజులు మాటల్లేవు.

ఒక్కటే మిషను, రీలుకొకసారి చీకటి.
పద్నాలుగోది నన్నే ఎక్కియ్యమన్నడు.
చెయ్యి వణికి ఫిల్మును పండ్లకు సరిగ్గ తగిలియ్యలే,
తెర కొంచెంసేపు ఉత్త తెల్లగుండె.
తర్వాత

ఈల ఎయ్యనీకె నోట్ల పెట్టుకున్న వేళ్లు
నోట్లనే ఉండిపోయినయి అందరికీ.
ఒక ముసలామె లేచి తెర దాక పోయింది,
అరచెయ్యి ఆనిచ్చి తీసి
అంటిందేమోనని చూసుకుంది.

‘గులాబా!’ అన్నడు మౌలాలి సాబు, తిట్టినట్టు.
‘పదమూడు రీళ్ల నుంచి ఆ చీరెను
దానిమ్మ తొక్కల్ల ఉడకబెడుతున్న.
పసుపు దాటి తేనెరంగు దాక తెచ్చిన.
వీళ్లొచ్చి ఒక్క దెబ్బకు గులాబంటరా?
అదీ పటిక పట్టని గులాబి,
రెండు ఉతుకులు ఆగదు.’
బయటికి పోయి బీడీ ముట్టించిండు.

రెండో ఆటకు మళ్ల కూసున్నడు.
తెల్లారి గూడ.
మూడోనాడు మా క్యాబినుకొచ్చి అడిగిండు,
‘బాన యాడుందిరా?’
తెగిన ముక్క ఒకటి బల్బుకు అడ్డం పెట్టి చూపిచ్చిన.
పెసరగింజంత చీరె.
ఆ ఎర్రటి గోరుతోని మెల్లగ గీకి,
పోనందుకు గావొచ్చు,
చాలాసేపు ఏం మాట్లాడలే.
ఆ ముక్క జేబులేసుకొని పోయిండు. నేను అడగలే.

ఆయన మునిమనవరాలు తహ్సీను
ఇప్పుడు ఫిలిప్పీన్సుల డాక్టరు చదువుతుంది.
మొన్న నా ఫోనుకు
వాళ్ల దేశం పాత సినిమాది ఒక తునక పంపింది.
బొగ్గురంగు కొబ్బరితోట,
బురదల ఎనుము,
సీతాకోక రెక్కల్లెక్క భుజాలు నిక్కిన
రైక తొడిగిన పిల్ల.
అనాస ఆకు నారతోని నేస్తరంట ఆ బట్ట.
నడుమ ఒక్క అతుకు, చిటుక్కున,
కొబ్బరాకు పచ్చగైంది.
ఎనుము మాత్రం మునుపటి లెక్కనే నల్లగుంది,
దానికేం పట్టింది.

ఆ దీవులల్ల గూడ ఎవడో ఒక పోరడు
గీ అతుకు కాడ చెయ్యి వణికిచ్చుకునే ఉంటడు.
వాని పేరు నాకు తెల్వది,
వాని వేళ్లు తెలుసు.

కింద రాసింది తహ్సీను:
‘తాతా, రంగు రాకముందు
ఆ రైక ఏం రంగుండె?’

వేలుతోని వెనక్కి జరిపిన.
అతుకుకు ఇవతల,
బూడిదల నిలవెట్టిన ఆ పిల్లను.
చేతుల చారెడు దానిమ్మ తొక్క.
పటిక, కొంచెమే.
సన్నమంట.

గంట దాటినంక జవాబు కొట్టిన:
ఆగు బిడ్డా, ఇంక ఉడుకుతుంది.