పన్నెండోది

టీవీ ఆటలో అయితే రెండున్నర నిమిషాలు.
కోచ్ గీత దాటి లోపలికొస్తాడు,
సిమెంటువాడూ పెయింటువాడూ వంతులేసుకుని మాట్లాడతారు.
రామతీర్థం క్వారీ పక్కన మా టోర్నమెంటుకి
కరపత్రంలోనే రాసుంటుంది,
ఎంట్రీ ఫీజు కింద, చిన్నక్షరాల్లో:
"సాయంత్రం అయిదుంబావుకు ఆట ఆగును.
బంతులెన్ని మిగిలినా సరే."

ఆ రోజు స్కోరు నాది.
ఏసురత్నం నలభై ఏడు మీదున్నాడు,
ఆఖరి ఓవర్లో ఇంకా రెండు బంతులు.
సైరన్ మోగింది.
అంపైరు సుభానీ బెయిల్స్ తీసి జేబులో వేసుకున్నాడు,
పోతే మళ్లీ ఒంగోలు పోవాలి.

అందరం టిప్పర్ చాటుకి.
బ్యాటూ బంతీ ఒకే చక్రం పక్కన,
ఒకటే మజ్జిగ ప్యాకెట్టు.
"నీ స్లో బాల్ చెయ్యి లేపకముందే తెలిసిపోద్ది రా"
అన్నాడు ఏసురత్నం.
సింగరకొండ మూతి తుడుచుకున్నాడు, అంతే.

పేరయ్య మాత్రం చెప్పులు విడిచాడు.
ముప్పయ్యేళ్లు తూటాలు పెట్టిన మనిషి,
కుడి చెవి ఎప్పుడో కొండకే ఇచ్చేశాడు.
అరికాళ్లతో లెక్కపెడతాడు.

ఒకటి. రెండు.
మూడూ నాలుగూ కలిసిపోయి.
పిచ్ మీద వదిలేసిన నీళ్లసీసా
దానంతటదే పక్కకి ఒరిగింది.
పదకొండు.

లేవబోయాం.
"కూకోండి. పన్నెండు పెట్టారబ్బయ్యా, పొద్దున చూశా."

సింగరకొండ లేచాడు. ఆ వారం వైర్ల డ్యూటీ వాడిదే,
రెండు గంటలు పర్మిషన్ అడిగొచ్చాడు ఆటకి.
బంతి ఏసురత్నం చేతిలో పెట్టి
గుంట వైపు నడిచాడు,
రనప్‌కి నడిచినట్టే, వెనక్కి చూడకుండా.

ఇక ఎవరూ స్కోరు అడగలేదు.
బూడిదరంగు దుమ్ము వచ్చి పుస్తకం మీద వాలింది.
నలభై ఏడు మీద వేలు పెట్టుకు కూర్చున్నా.
ఏసురత్నం బంతిని చొక్కాకి రుద్దుతూనే ఉన్నాడు.
టెన్నిస్ బంతిని.

ఎంతసేపో. వాచీ ఉంది, చూడలేదు.

మళ్లీ సైరన్.
నేల ఒక్కసారి ఉలిక్కిపడింది.
పేరయ్య చెప్పులు వేసుకున్నాడు.

కనుబొమ్మల దాకా తెల్లబడి వచ్చాడు సింగరకొండ.
"ఎన్నున్నాయి?"
"రెండు."
టిప్పర్ లైట్లు వేశారు,
సుభానీ జేబులోంచి బెయిల్స్ తీశాడు.

మొదటిది స్లో బాల్. బౌండరీ దగ్గర నాకే తెలిసిపోయింది.
ఏసురత్నం ముందుకొచ్చి
మెల్లగా కాళ్ల దగ్గరే ఆపాడు.
రెండోదీ అంతే.
వంగి, బంతి తీసి, తనే చేతికిచ్చాడు.

ఎందుకురా అంటే వెలుతురు చాల్లేదంటాడు.
పుస్తకంలో ఇప్పటికీ నలభై ఏడే,
పక్కన నా వేలి ముద్ర.