హోల్డాన్

బస్టాండులో పన్నెండో ప్లాట్‌ఫారం కింద దొరికింది,
అరచేతిలో పట్టేంత.
ఆ పూట నా సంచిలో ఒక్క రూపాయి బిళ్ళ లేదు,
అందుకని చిల్లర అని పేరు పెట్టాను.
ఇప్పుడు రాత్రి పదకొండింటికి గుణదల కొండ మెట్ల మీద
"చిల్లరా... చిల్లరా..." అని నేను అరుస్తుంటే
కింది వాటాల వాళ్ళు కిటికీలు తీసి
ఈవిడ ఇంకా డ్యూటీ దిగలేదా అని నవ్వుకుంటారు.

మా ఇల్లు డెబ్బై ఆరో మెట్టు.
మట్టి ఉన్నది మొదటి మెట్టు కింద.
చిల్లర ఓపిక నలభై ఒకటో మెట్టు దాకా.
ఎత్తుకుని దిగుతున్నానా, యాభై, నలభై ఐదు, నలభై రెండు,
అంతే,
నా ఖాకీ చొక్కా మీద వెచ్చగా.

మా కరుణ కెమిస్ట్రీ నోట్సు వెనక పేజీలో చార్టు గీసింది.
తాగింది ఐదూ పదికి, పోసింది ఐదున్నరకి.
నిద్ర లేవగానే ఒకటి.
ఆడి ఆడి ఠక్కున ఆగిపోయి
నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగిందా,
అదే హారన్, ఎత్తుకో అమ్మా!
మా డిపోలో ఏ సర్వీసూ ఇంత టైముకి నడవదు.

మిగతా టైమంతా తోక.
కుక్కర్ కూతేస్తే కుక్కర్ మీదికి,
చీర కుచ్చిళ్ళు పళ్ళతో పట్టుకుని ఫుట్‌బోర్డు ప్రయాణం.
ఒక మధ్యాహ్నం టిక్కెట్ రోలు దొరికింది దానికి.
మంచం కింద నుంచి వంటగదికి,
వంటగది నుంచి ఇన్నయ్య గారి గుమ్మం దాకా
ఎవరూ ఎక్కని బస్సుకి తెల్లటి టిక్కెట్లు.

ఇన్నయ్య గారే పేపరు చుట్టి చేతికిచ్చారు.
"మూతి అందులో రాసి ఒక్కటెయ్యి, జన్మలో మర్చిపోదు."
పట్టుకున్నాను.
అది చెవులు వెనక్కి వాల్చి, ఎందుకో తెలియక,
తోక మాత్రం నేలకేసి కొట్టింది.
నాకు బెంజి సర్కిల్ గుర్తొచ్చింది.
చెకింగాయన నలభై మంది ముందు అరిచిన పావుగంట.
ఏం తప్పు చేశానో ఇవాళ్టికీ జ్ఞాపకం లేదు,
ఆయన వేలి ఉంగరం జ్ఞాపకం.
పేపరు విప్పి తడి మీద పరిచాను.

నాకు వచ్చిన కేకలు రెండే.
మెట్లు దిగుతూ దాని చెవిలో "హోల్డాన్... హోల్డాన్..."
మట్టి మీద దించి, "రైట్."
ఆ తర్వాత చిటికెడు పచ్చసొన.
ముప్పై మూడు. ఇరవై.
ఒక వారం మళ్ళీ యాభైకి పోయింది,
ఎందుకంటే చెప్పదు.

ఆపుకోమని దానికి నేర్పుతుంటే
నా గొంతు నాకే వినపడింది.
పద్దెనిమిదేళ్ళు.
తెల్లవారుజామున గ్లాసులో నీళ్ళు సగం పారబోసి ఎక్కేదాన్ని.
మార్కెట్ నుంచి ఆటోనగర్, ఆటోనగర్ నుంచి మార్కెట్,
నోరు ఎండబెట్టుకుని, మోకాళ్ళు దగ్గర పెట్టుకుని,
ముందుకి జరగండి, ముందుకి జరగండి.
నాకెవరూ రైట్ చెప్పలేదు.
డాక్టరమ్మ స్కానింగు చూసి అడిగింది:
మంచినీళ్ళు తాగరా మీరు?

మొన్న కరెంటు పోయిన రాత్రి, వాన,
తలుపు దగ్గర చిన్న గీకుడు.
మొరగలేదు. కూర్చుని నావైపు చూస్తోంది.
ఎత్తుకోబోతే జారిపోయింది, తనే దిగింది,
ఒక్కో మెట్టుకీ పొట్ట తగులుతూ,
వెనక గొడుగుతో నేను, లెక్క మర్చిపోయి.
కింద మట్టి లేదు, అంతా నీళ్ళే.
ఆ నీళ్ళలో నిలబడి, తల తిప్పి,
నా మాట కోసం ఆగింది.

రైట్ తల్లీ, రైట్.

తెల్లారి నా ఎడమ చెప్పు సగం తినేసింది, అది వేరే సంగతి.
ఒక కాలికి డ్యూటీ చెప్పు, ఒక కాలికి హవాయి.
ఆటోనగర్ చివరి స్టాపులో సుభానీ ఇంజను రేపుతున్నాడు.
హోల్డాన్, అన్నాను.
ఎవరన్నా ఎక్కాలా మేడం, అద్దంలో చూస్తూ అతను.
లేదు, చిల్లర పని. రెండు నిమిషాలు.
సీట్లలో గొణుగుడు మొదలైంది.
సంచి అతని చేతికిచ్చి
తాళం ఎవరి దగ్గరుందో అడగడానికి దిగాను,
ఒక్క చెప్పు మాత్రం ఫట్ ఫట్‌మంటూ.