నడుమ ఒక ల

డాక్టర్ ఓడ్‌బ్యోర్న్ బల్ల తుడిచి
"అరచెయ్యి బోర్లా పెట్టండి" అన్నాడు.
పెట్టాను.
నాలుగు వేళ్ళు ఆనాయి. ఉంగరపు వేలు మాత్రం
గుమ్మంలోనే ఆగిపోయిన చుట్టంలా
లోపలికి వంగి నిలబడింది.
"మీ ఇంట్లో ఇంకెవరికైనా?"

అమ్మకి.
స్తవాంగర్ రేవులో, సార్డీన్ డబ్బాల ఫ్యాక్టరీలో
ఇరవై ఆరేళ్ళు చేపల్ని తలా తోకా మార్చి పేర్చింది.
వేలు అక్కడే వంగిందని అమ్మ నమ్మింది, మేం నమ్మాం,
యూనియన్ వాళ్ళూ నమ్మి ఉత్తరం రాశారు.
ఫ్యాక్టరీ జవాబివ్వలేదు.
ఇప్పుడీ కుర్రాడు, నా కూతురి కంటే చిన్నవాడు,
కాగితం మీద చెట్టు గీసి, కొమ్మకో సున్నా చుట్టి
"ఇది రక్తంలోది" అంటాడు.
విన్నావా అమ్మా,
నువ్వు పోట్లాడాల్సింది మీ నాన్నతో.

ఆయన ఫొటో ఒక్కటే ఉంది మా దగ్గర.
పడవ అంచున నిలబడి,
రెండు చేతులూ జేబుల్లో.

నలభై మూడు నవలలు రాశాను.
రైల్వే కియోస్కుల్లో చాక్లెట్ల పక్కన పెట్టేవారు,
వాన పడితే ఎక్కువ అమ్ముడుపోయేవి.
నా నాయకులకి ఓడలుండేవి, అప్పులుండేవి,
ఒకడికి మునిగిపోయిన కవల తమ్ముడుండేవాడు.
ఒక్కరికీ ముప్పైఆరు దాటనివ్వలేదు.
వేళ్ళు మాత్రం అందరికీ పొడుగ్గా, కొవ్వొత్తుల్లా.
ఐదు వేళ్ళూ ఒక్కలా ఉండవంటారు గాని
నా పుస్తకాల్లో ఉన్నాయి.
అమ్మ ప్రతీదీ చదివేది. చదివి,
"ముద్దుకీ ముద్దుకీ మధ్య వీళ్ళేం తింటారే?" అనేది.

మా భాషలో ప్రేమ అనే మాటకి పది అక్షరాలు.
ఐదోది ల. కుడి ఉంగరపు వేలి మీట.
ఈ మధ్య ఆ ల పడటం లేదు.
ఎన్ని వేలసార్లు కొట్టిన మాటో,
ఇప్పుడు ముందు పన్ను ఊడి
నాకేసి చూసి నవ్వుతోంది.
చూపుడు వేలు రెండిళ్ళు దాటి వచ్చి
ఆ పని చేసిపెట్టి పోతోంది,
విసుక్కుంటూనే.

పెళ్ళి ఉంగరం మాకు కుడి చేతికే.
తూర్‌లైఫ్ వెళ్ళిపోయి ఇరవై తొమ్మిదేళ్ళు.
తీసేద్దాం, తీసేద్దాం అనుకుంటూ ఉండగానే
వేలు ముడుచుకుంది.
"కోసి తీయాలి" అన్నాడు డాక్టర్.
"ఏది? ఉంగరమా, వేలా?"
నవ్వలేదు. మంచి డాక్టరే అయివుంటాడు.

నిన్న ఇంగ్విల్డ్ గిన్నెలు కడుగుతూ
నేను చూడటం లేదనుకుని
కుడి అరచేతిలో, ఆ వేలి మొదట్లో,
ఎడమ బొటనవేలితో నొక్కి చూసుకుంది.
మళ్ళీ నొక్కింది.
నలభయ్యేళ్ళు దొంగచూపుల మీద బతికినదాన్ని,
దీనికి నా దగ్గర వాక్యం లేదు.
పొడిగుడ్డ అందించాను.

దాని కూతురు ట్యూవాకి తొమ్మిదేళ్ళు.
లూడో ఆడేటప్పుడు ఓడిపోయేలా ఉంటే
తన ఎర్రపావుని తెచ్చి
నా వంగిన వేలి కింది ఖాళీలో పెడుతుంది.
అక్కడున్న పావుని ఎవరూ కొట్టకూడదు.
ఆ రూలు ఎప్పుడు పెట్టిందో నాకు తెలీదు,
నేనూ ఒప్పేసుకున్నాను.

నలభై నాలుగో నవలలో నాయకుడు
సిగ్‌బ్యోర్న్. లాంచీ నడుపుతాడు. అరవై రెండేళ్ళు.
నాయిక చెయ్యి పట్టుకున్నప్పుడు
అతని వేలొకటి తెరుచుకోదు.

పొద్దున ఎడిటర్ ఫోన్ చేసింది.
"వయసు సరే, ఎలాగో సర్దుకుందాం. ఆ వేలు...
తుఫానులో తాడు చుట్టుకుందని రాయకూడదూ?
లేకపోతే ఏదైనా పాత గొడవ, కత్తి...
చదివేవాళ్ళు కారణం అడుగుతారు కదా."

"కారణం ఉంది" అన్నాను.
"ఏమిటి?"
"వాళ్ళమ్మది."